ఆఖరున వేసే కళ్లు

1991. మహబూబ్‌నగర్‌లో ఒక సినిమా టాకీసు వెనుక రేకుల షెడ్డు. మా నాయిన కటౌట్లు, అంటే ప్లైవుడ్ మీద సినిమా తారల నిలువెత్తు బొమ్మలు, వేసేవాడు. నేను ఆయనకు సాయం. ముందు స్టిల్ ఫోటో మీద గళ్లు గీస్తాం. దాన్ని గ్రిడ్ అంటాం. అవే గళ్లు ప్లైవుడ్ మీద పెద్దగా గీసుకుని ఒక్కో గడి నింపుకుంటూ పోతాం. ఒళ్లు నా వంతు, ముఖం నాయిన వంతు. కళ్లు ఆఖరున.

అంత దగ్గర నుంచి చూస్తే అది ఆడమనిషిలా ఉండదు. బొడ్డు ఒక గడిలో, జారిన కొంగు ఇంకో గడిలో. గులాబీరంగు మబ్బుల్లో తిరుగుతున్నట్టే ఉండేది నాకు. ఆ మైకంలో రోజులు తెలిసేవి కావు. నిజం చెప్పొద్దూ, గర్వంగా కూడా ఉండేది.

ఆ మార్చిలో మేం వేసిన ఇరవై అడుగుల హీరోయిన్ చౌరస్తాలో లేచింది. నడుమంతా బయటే, కళ్లు సగం మూసి. రెండు రోజులకే అనసూయమ్మ టీచర్ మహిళా సంఘం వాళ్లతో డాంబర్ డబ్బా పట్టుకుని షెడ్డుకు వచ్చింది. వెంట పదో తరగతి చదివే షాహీన్. కటౌట్ కింద పాన్‌డబ్బా దగ్గర చేరిన పోకిరీలు వచ్చేపోయే ఆడపిల్లలను ఆ బొమ్మతో పోల్చి వాగుతున్నారట.

"గా తొవ్వల పోవద్దని అమ్మీ నా బడి బంద్ జేసింది. ఎల్లుండి నుంచే పరీక్షలు," అని ఏడ్చింది షాహీన్.

నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ నడుము వేసింది నేనే.

"డాంబర్ పూస్తే ఆమె మొకమే నల్లగైతది టీచరమ్మా, ఆళ్లకేమైతది? జర రేపటిదాక ఆగున్రి," అన్నాను.

తెల్లారుజామున నిచ్చెన ఎక్కాను. "టాకీసు ఓనర్‌కు తెలిస్తే పని పోతది బిడ్డా," అంటూనే నాయిన నిచ్చెన పట్టుకున్నాడు. చౌరస్తా ఇంకా నిద్రలోనే ఉంది. ఆ పెద్ద చెంప పక్కన నిలబడితే ఆమె ఊపిరి నాకు తగిలినట్టే అనిపించింది. వాలిన రెప్పలు చెరిపి కళ్లు పూర్తిగా తెరిచాను. చూపు సూటిగా కిందికి, పాన్‌డబ్బా వైపు దించాను. నవ్వు తీసేశాను. నడుము జోలికి పోలేదు, తప్పు దానిది కాదు, చూసేవాళ్లదని అప్పుడనిపించింది.

పొద్దెక్కాక పోకిరీలు వచ్చారు. తలెత్తారు, దించుకున్నారు. ఒకడు చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. సాయంత్రానికి పాన్‌డబ్బా ముందు జాగా ఖాళీ అయింది. షాహీన్ వాళ్లమ్మను వెంటబెట్టుకొచ్చి చూపించింది.

"అమ్మీ, ఆమె మమ్ముల గాదు, ఆళ్లను చూస్తాంది."

వాళ్లమ్మ బొమ్మ చూపు వెంట పాన్‌డబ్బా దాకా చూసింది. "రేపు పో బేటా, పరీక్ష రాయి," అంది.

పరీక్షలు ముగిసేసరికి హైదరాబాదులో ఉండే ఓనర్‌కు కబురు చేరింది. కటౌట్ దింపించి, మా పని కూడా ఆపేశాడు. దుకాణాల బోర్డులు రాసుకుని బతికాం.

అప్పటి నుంచి నేను ఏ బొమ్మకైనా ముందు కళ్లే వేస్తున్నాను. కళ్లు తెరిచి నన్నే చూస్తున్న మనిషి మీద నా కుంచె ఇష్టమొచ్చినట్టు తిరగదు.