రోడ్డు మీద వడ్లు

మర్నాడు బందరులో మారథాన్. నేనేమో గుడివాడలో ఎక్కిన బస్సులో, కిటికీ పక్కన ఇరుక్కుపోయాను. రైల్వే గేటు పడి బస్సు ఎంతకీ కదలదు. కాళ్ళ దగ్గర పక్కసీటు పెద్దావిడ బస్తా. కట్టు కట్టిన కాలిని దాని మీద ఆనించకుండా గాల్లోనే పట్టుకుని కూర్చున్నాను.

"కాలికేమైందండీ?" అని ఆవిడ అడగడమే పాపం, నా బాధలన్నీ ఏకరువు పెట్టాను. రేపటి పరుగు కోసం సాధన మొదలెడితే, వేసవిలో మోకాలు పట్టేసింది. వానల్లో జ్వరం. కోతలప్పుడు పెదపారుపూడి దగ్గర సగం రోడ్డు మీద వడ్లు ఎండబోశారు. తొక్కకూడదని పక్కకి దిగితే చీలమండ మడతపడింది. ఆ వడ్ల ఆసామి చెయ్యి అందించకపోగా, "చూసుకోవద్దా?" అన్నాడు. మా బావ అయితే, "వడ్ల మీంచి పోతే పోయేదిగా, తెలివితక్కువోడా! ఇక మానెయ్" అన్నాడు. నాకూ మానేద్దామనే ఉందని చెప్పాను.

ఆవిడ నా కాలి వంక చూసింది. "మరి ఇప్పుడెందుకండీ, అలా ఎత్తిపట్టుకున్నారు?"

"బస్తాలో వడ్లేమోనని."

ఆవిడ నవ్వేసింది. వంగి, నా మడమ పట్టుకుని మెల్లగా బస్తా మీద ఆనించింది.

"పాత బట్టలండీ బాబూ! గింజని తొక్కని కాలు, దానికెందుకీ శిక్ష? రేపు పరిగెత్తనివ్వండి."

గేటు తీశారు. బందరులో ఆవిడ బస్తా దింపుకుని వెళ్ళిపోయింది. పేరు అడగలేదు.

మర్నాడు అందరికంటే వెనక, కుంటుకుంటూ పూర్తిచేశాను. "ఎన్నోవాడిగా వచ్చావు?" అన్నాడు బావ. ఆ మాటా మరిచిపోలేదు.

ఇప్పటికీ రోడ్డు మీద వడ్లు కనిపిస్తే, తిట్టుకుంటూనే పక్కకి దిగుతాను.