ఎర్రగుడ్డ కట్టిన మెషిన్

నోట్లో నువ్వుగింజ నానని రకమేమీ కాదు మిషనరీ అక్క. పరాయి దేశంలో పదకొండేళ్ళుగా ఉంటున్నా ఒకరి మాట ఇంకొకరి గడపలో వెయ్యలేదు. వచ్చిన కొత్తలో అక్కడి భాష రాక, ఉప్పు కావాలన్నా చేతులు తిప్పుతూ నిలబడితే, నవ్వకుండా నేర్పింది ఎదురింటి టైలరమ్మ ఒక్కతే. ఆమే లేకపోతే ఈవిడ ఏనాడో పెట్టె సర్దుకునేది.

ఆ టైలరమ్మ ఈమధ్య గురువారాలు కొలతలు తీసుకునే వంకతో అక్క ఇంటికి వచ్చి ప్రార్థనలో కూర్చుంటోంది. మొగుడికి తెలియదు. తెలిస్తే కొంప మునుగుతుంది.

అక్కను పంపిన సంఘం వాళ్ళకు నెలనెలా ప్రార్థన ఉత్తరం రాయాలి. పని సాగుతోంది, ప్రార్థించండి అని ఎన్నాళ్ళు రాస్తుంది? ఈసారి చదివితే మనసు కదలాలమ్మా అన్నారు పాస్టరుగారు. అక్క తెగ ఆలోచించి, పేరు రాయకుండా టైలరమ్మ సంగతంతా రాసింది. మొహం కనపడకూడదని ఆమె కుట్టుమెషిన్ ఫొటో మాత్రం జతచేసింది. ఎంత జాగ్రత్తో! చక్రం పిడి విరిగితే కట్టిన ఎర్రగుడ్డ ఆవిడ కంటికి ఆనలేదు.

ఉత్తరం ఫోన్లలో చేతులు మారి, అక్క సొంత దేశంలో పనికి కుదిరిన టైలరమ్మ మరిది దాకా వెళ్ళింది. ఆ గుడ్డ కట్టింది అతనే. కింద ఏం రాశారో ఎవరిచేతో చదివించుకుని అన్నకు చెప్పాడు.

వారం తిరక్కుండా మెషిన్ అత్తగారింటికి బండెక్కింది. ఇక టైలరమ్మ అత్తగారి కళ్ళెదుటే కుట్టాలి, గురువారాలు బంద్. అక్కకు సంగతి తెలిసింది. పరుగున వెళ్ళి, నీకోసం నలుగురూ ప్రార్థిస్తారనే రాశానని ఏడ్చింది.

టైలరమ్మ గొంతు పెంచలేదు. "నేను నీకు చెప్పుకున్నాను. నువ్వు ఆయనకి చెప్పుకుంటే సరిపోదా అక్కా? ఊరందరికీ చెప్తేగాని మీ దేవుడికి వినపడదా?" అంది. బండి వెనకాలే నడిచి వెళ్ళిపోయింది.

ఆదివారం పాస్టరుగారు ఫోన్ చేశారు. ఉత్తరం చదివి కంటతడి పెట్టనివాళ్ళు లేరట, సంఘమంతా ఉపవాసాలు మొదలుపెట్టారట. ఆయన సంతోషం ఇంతా అంతా కాదు.

"ఆ తల్లి పేరు చెప్పమ్మా, పేరుపెట్టి ప్రార్థిస్తాం."

అక్క కిటికీలోంచి చూసింది. ఎదురింటి వరండాలో మెషిన్ ఉండే చోట దారప్పోగులు ఇంకా ఎవరూ ఊడవలేదు. అబద్ధమాడి ఎరగని మనిషి.

"నాకు తెలీదండీ."

పాస్టరుగారు నొచ్చుకున్నారు. పేరైనా తెలియని మనిషి గురించి అంతంత రాసేశావా అని అడిగారు.

"అవునండీ, రాసేశాను," అంది అక్క.