ఎడమచేతి గునుగుకూర

నర్సింహమ్మ కుడిచెయ్యి అంత మంచిది కాదు. కూలికి కలుపు తీసి తీసి, పచ్చగా ఏది కనబడ్డా వేళ్లు నేరుగా వేరు మీదికే పోతాయి. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఆమె పీకని గునుగు లేదు. పీకింది ఊరికే పారేసిందా? లేత ఆకంతా ఒడిలో కట్టుకొచ్చి, పెసరపప్పుతో వండి ఇల్లు నడిపింది. చేనుకు కలుపైతేనేం, కుండకు చుట్టమే.

ఇప్పుడు చేన్లు ప్లాట్లయ్యాయి. మిగిలిన వాటికి గడ్డిమందు. ఇంటి వెనక హద్దురాళ్ల నడుమ మాత్రం కాస్తంత జాగాలో గునుగు మొలిచింది. దాన్ని బతుకమ్మ కోసం దాచుకుంది నర్సింహమ్మ. మబ్బు కమ్మిన పొద్దుల్లో అక్కడ కూర్చుని, ఇంకా పూయని పూలను చూస్తూ ఉండిపోయేది.

ఆ శ్రావణంలోనే అత్త లక్ష్మమ్మ మంచం పట్టింది. ఏం పెట్టినా మెతుకు మింగదు. ఒకనాడు కళ్లు మూసుకునే అంది.

"గునుగుకూర తినబుద్ధయితుందే."

"గింతే ఉన్నది అత్తా. తెంపితే బతుకమ్మకు పువ్వు యాడికెల్లి తెస్త?"

"పిచ్చిదానా, వేరు ముట్టకు. తలలు గిల్లు. ఒకటి గిల్లితే రెండు లేస్తయ్."

పోయి కూర్చుందో లేదో, కుడిచెయ్యి తన బుద్ధి చూపించింది. మొదటి మొక్కే వేరుతో సహా ఊడొచ్చింది. నర్సింహమ్మ గబగబా దాన్ని మళ్లీ పాతి, కుడిచేతిని తొడ కింద పెట్టుకుని కూర్చుంది. ఎడమచేతికి కలుపు తీయడం రాదు. అది చంటిపిల్ల బుగ్గ గిల్లినట్టు ఒక్కో చిగురే గిల్లింది.

మెత్తటి అన్నంలో కలిపి పెడితే లక్ష్మమ్మ గిన్నె ఖాళీ చేసింది. "మంచిగున్నదే" అని, కోడలి ఎడమచెయ్యి పట్టుకునే నిద్రపోయింది. ఆ వారంలోనే, అలాగే నిద్రలో వెళ్లిపోయింది.

బతుకమ్మ నాటికి గిల్లిన ప్రతిచోటా రెండేసి కొమ్మలు. తెల్లగా, కొసన గులాబీ రంగుతో, పొద్దుటి మంచులో ఊగుతున్నాయి. చావు జరిగిన ఇంట ఆ ఏడు బతుకమ్మ పేర్చరు. పూల కోసం వాడకట్టు ఆడవాళ్లు వచ్చారు.

"తెంపుకపోండ్రి. వేరు మాత్రం ముట్టకుండ్రి," అంది నర్సింహమ్మ.

వాళ్లు వెళ్లాక చూస్తే, తాను పీకి పాతిన మొక్క కూడా బతికి, ఓ మూల పూసి ఉంది. దాని ముందు కూలబడి ఏడ్చింది.

"గునుగు సంగతి నిజమే చెప్పినవ్ అత్తా. మరి నీ అసొంటిది ఇంకొకతె యాడికెల్లి లేస్తది?"