ఏనుగును ఇచ్చిన ఆదివారం

మా ఊరు గంగారంలో పోలీసు క్యాంపు పడ్డాక, అడవిలో దాక్కున్న సంఘపోళ్లకు అన్నం పెట్టాడని మా బాపును పట్టుకుపోయారు. ఏ జైల్లో ఉన్నాడో తెలియలేదు. రైల్వేలో ఫిట్టరుగా ఉన్న మామ నన్ను డోర్నకల్ తెచ్చుకున్నాడు.

అక్కడ ఆదివారం ప్రార్థన అయ్యాక, చర్చి వెనుక గదిలో రిటైరైన గార్డు సారు చదరంగం నేర్పేవాడు. పిల్లలంతా రైల్వే క్వార్టర్ల వాళ్లు. జతలు ముందే కుదిరిపోయాయి. నేను మిగిలిపోయేవాణ్ణి. బల్లల మధ్య నిలబడి చూసేవాణ్ణి.

ఒకరోజు సారు ఒక ఆటను సగంలో ఉన్నట్టు పేర్చాడు. "తెల్లవి గెలవాలె. చెప్పినోళ్లు ఇయ్యాల ఎవరితోనన్న ఆడుకోవచ్చు" అన్నాడు. నాకు కావలసింది అదే, ఎదురుగా ఒక మనిషి.

అందరూ మంత్రిని నల్లరాజు దగ్గరికి జరిపారు. ప్రతిసారీ సారు నల్లమంత్రిని వెనక్కి తెచ్చి కాపలా పెట్టాడు.

మా ఊరి ఆటలో, ఒక్కసారీ షా పడని, అంటే చెక్ తగలని రాజు ఒకసారి గుర్రంలా దుంకి తప్పించుకోవచ్చు. అందుకే బాపు, "ముందుగాల షా చెప్పురా, దుంకుడు పోతది" అనేవాడు. ఇక్కడ ఆ దుంకుడు లేదని తెలిసినా, నా కళ్లు షా కోసమే వెతికాయి. కనబడింది ఒకటే: రాజు పక్కన మూలగడిలో ఏనుగును పెట్టడం. పెడితే రాజు తినేస్తాడు.

తినక తప్పదు, వేరే గడి లేదు. తిన్నాక మంత్రితో షా. రాజు వెనక్కి పోతాడు. అప్పుడు బంటు అండతో మంత్రి రాజు ముందుకొస్తుంది. నల్లమంత్రి తిరిగొచ్చే వ్యవధే లేదు. మళ్లీ సరిచూసుకుని చెప్పాను.

"ఏనుగును ఉత్తగనే ఇస్తడంట!" అని ఎవరో నవ్వారు.

సారు ఎత్తులన్నీ జరిపి చూశాడు. ఆటకట్టు.

"ఎట్ల దొరికింది బిడ్డా?"

దుంకుడు సంగతి చెప్పాను. పిల్లలు మళ్లీ నవ్వారు. సారు నవ్వలేదు. "మీ బాపును ఓసారి తీస్కరా, నేను ఆడత" అన్నాడు. తల ఊపాను.

అందరికంటే బాగా ఆడే స్టేషన్‌మాస్టరు కొడుకును ఎంచుకున్నాను. వాడు ఎదురుగా కూర్చుని పావులు పేర్చాడు.

"మరి నీ రాజు దుంకుతడా?"

"దుంకడు. ఇక్కడ దుంకడు."

వాడు మొదటి ఎత్తులోనే బంటును రెండు గళ్లు జరిపాడు. బాపుతో ఆడినప్పుడు బంటు ఎప్పుడూ ఒక్క గడే నడిచేది. నేనూ రెండు గళ్లు జరిపాను.