తోస్తే ఊడే కిటికీ కోసం తార్నాక దాకా

పడవ కిటికీని ఫ్రేముతో సహా ఊడదీసి, గోనెసంచిలో చుట్టుకుని, పొద్దున ఐదున్నరకు కొల్లాపూర్‌లో హైదరాబాద్ బస్సు ఎక్కాం. నేనూ, మా బావ రాములూ. బావకు కృష్ణలో చిన్న మోటారు పడవ ఉంది. పోయిన వానాకాలం గాలివానకు ఆ పడవ ఒరిగిపోయింది. మా అక్కాబావల ఒక్కగానొక్క బిడ్డ మౌనిక దాని క్యాబిన్‌లో చిక్కుకుని చనిపోయింది. అద్దాలూ వాటి చుట్టూ ఉండే రబ్బర్లూ మార్చందే పడవను నీళ్ళలోకి దింపొద్దని తనిఖీకి వచ్చినాయన చెప్పిపోయాడు. బస్సులకు అద్దాలు బిగించే షాపు తార్నాకలో ఉందని ఎవరో చెబితే బయలుదేరాం.

తార్నాకలో ఇంకో పనీ ఉంది. మౌనిక అక్కడి యూనివర్సిటీలోనే చదివేది. ఆ రోజు తనతో పాటు పడవెక్కి బతికి బయటపడిన స్వప్న, హాస్టల్లో తన రూమ్మేటు. మొన్న నాకు ఫోన్ చేసింది. "మామా, మౌనిక సామాన్లు తీస్కపోండి. నేను చదువు బంద్ చేసి ఊరికి పోతున్న" అంది. ఎందుకమ్మా అంటే చెప్పలేదు. బయలుదేరేటప్పుడు అక్క నా చెయ్యి పట్టుకుంది. "సామాన్లు తెచ్చినా తేకున్నా సరే గని, ఆ పిల్లను ఆపి రాండ్రి. నా బిడ్డ ఎట్లాగూ పోయింది" అంది. బావ ఆ మాట విననట్టే నడిచాడు.

బస్సులో పక్క సీటు పెద్దమ్మ సంచిని తడిమి చూసింది. "ఏంది బిడ్డా, తలుపా?"

"పడవ కిటికీ."

"పడవకు కిటికీ ఎందుకు? కూసుంటే గాలి రాదా?"

మామూలు రోజైతే నవ్వేవాణ్ణి. "వానొస్తే తడుస్తరని పెడతరు పెద్దమ్మా, ఇగ పడుకో" అని కసిరాను. కల్వకుర్తిలో బస్సు ఆగినప్పుడు నేను ఇడ్లీ తిన్నాను. బావ చాయ్ తెప్పించుకుని, చేతిలో పట్టుకుని, చల్లారాక పారబోశాడు.

పదిన్నర దాటాక ఇమ్లీబన్ బస్టాండులో దిగాం. కోఠికి వెళ్ళి తార్నాక సిటీ బస్సు ఎక్కాం. ఇలాంటి లగేజీ ఉన్నవాళ్ళు సిటీ బస్సు జోలికి పోకండి, ఆటో మాట్లాడుకోండి. విద్యానగర్ దాటేదాకా కండక్టరుతో తిట్లు తింటూనే ఉన్నాం. "అన్నా, ఇల్లు ఖాళీ చేస్తున్నవా ఏంది? పక్కకు వెట్టు, గుచ్చుకుంటున్నది!"

షాపు మెట్రో స్టేషన్ వెనక సందులో ఉంది. అన్వర్ భాయ్ అనే పెద్దమనిషిది. సంచి విప్పి, ఫ్రేము అంచును గోటితో గీకి, నొసలు ముడిచాడు.

"గిదెవరు చేసిండ్రు భాయ్? జరిగే అద్దం గిది. చుట్టూ సిలికాన్ బంక పోసిండ్రు, పైనుంచి స్క్రూలు గూడ కొట్టిండ్రు. కిటికీ లేదిగ, గోడ అయింది!"

నేను బావ వైపు చూశాను. రబ్బర్లు అరిగి నీళ్ళు కారేవని మాత్రమే నాకు తెలుసు. బావ రోడ్డు మీద పోయే బస్సుల వంక చూస్తూ, "కారుతుండె" అన్నాడు, అంతే.

అన్వర్ భాయ్ కొత్త ఫ్రేములో రబ్బరు బీడింగ్ వేసి, అద్దం కూర్చోబెట్టి, లోపలివైపు చిన్న తాడు వదిలాడు. బస్సుల్లో ఇప్పుడు ఇలాగే బిగిస్తున్నారట. "నీళ్ళు చుక్క రావు. ఆపదొస్తే తాడు గుంజు, రబ్బరు వదులైతది, అద్దం తోయి. అంతే."

"నేను తోస్త" అన్నాడు బావ.

తాడు లాగి అరచేత్తో నెట్టాడు. అద్దం ఊడి అవతల నిలబడ్డ అన్వర్ భాయ్ చేతుల్లో పడింది. బావ షాపు మెట్ల మీద కూలబడి, జనం ఆగి చూసేంత పెద్దగా ఏడ్చాడు. అన్వర్ భాయ్ కంగారుపడిపోయాడు. "ఏమైంది భాయ్? నచ్చలేదా?"

ఆ కొలతకే మిగతా కిటికీల అద్దాలు కూడా నాలుగింటికల్లా ఇస్తానన్నాడు. మేం క్యాంపస్‌లోకి నడిచాం. ఎండ దంచుతోంది. పరీక్షలు దగ్గరపడ్డాయేమో, చెట్ల కింద పిల్లలు గుంపులుగా కూర్చుని చదువుకుంటున్నారు. ఆ ఈడు పిల్ల ఎవరు ఎదురొచ్చినా బావ తల దించుకుంటున్నాడు.

హాస్టల్ గేటు బయట మౌనిక ట్రంకు పెట్టె, బకెట్టు, చుట్టిన పరుపు పెట్టుకుని స్వప్న నిలబడి ఉంది. చిక్కి సగమైంది. చదువు ఎందుకు ఆపుతున్నావని నేనే అడిగాను. నావైపు కాకుండా బావ వైపు చూసి చెప్పింది.

"పడవ ఒరిగినప్పుడు నేను బయటి కడ్డీ పట్టుకున్న అంకుల్. మౌనిక లోపట్నుంచి అద్దం కొడుతుండె. నేను బయట్నుంచి గుంజిన. నాకు బలం సాలలే. ఇంకొంచెం గట్టిగ గుంజితే వచ్చేది. బుక్కు తెరిస్తే అదే కనవడ్తది."

బావ ఇప్పుడు కూడా కిటికీ సంగతి చెప్పకుండా వెనక్కి తిరిగితే జన్మలో ఇతనితో మాట్లాడను అనుకున్నాను.

"నువ్వు గుంజితే రాదు బిడ్డా. పది మంది గుంజినా రాదు. నేనే బిగించిన. సిలికాన్ వోసి, స్క్రూలు కొట్టిన. మౌనిక దోస్తులొస్తున్నరు, నీళ్ళు కారితే పిల్లల బట్టలు కరాబైతయని ముందురోజు కూసోని బిగించిన. నీది తప్పు లేదు."

స్వప్న ఏడవలేదు. "ఇన్ని నెలల సంది ఎందుకు చెప్పలే అంకుల్?" అంది. పరుపూ బకెట్టూ నాకిచ్చి, ట్రంకు పెట్టెను మాత్రం తనే లోపలికి ఈడ్చుకుంటూ వెళ్ళింది. "గీ పెట్టెల పుస్తకాలు నాకు పనికొస్తయి" అంది గేటు దగ్గర. నమస్తే చెప్పలేదు.

అద్దాలు తీసుకుని, బుద్ధి తెచ్చుకుని ఆటోలో ఇమ్లీబన్ చేరి, ఐదున్నర బస్సు పట్టుకున్నాం. హైదరాబాద్ దాటకముందే అక్క ఫోన్ చేసింది. "ఆ పిల్ల ఏమన్నది?" నేను నోరు తెరిచేలోపు బావ ఫోన్ లాక్కున్నాడు.

"చదువుతదట. ఇంకోటున్నది, ఇను" అని మొదలుపెట్టాడు. బస్సు రొదలో అరిచి చెప్పాల్సి వచ్చింది. సిలికాన్, స్క్రూలు, అన్నీ. ముందు సీట్లవాళ్ళు తిరిగి చూశారు. చెప్పడం అయ్యాక ఫోన్‌ను చెవికి ఆనించుకునే ఉన్నాడు. లైను ఎప్పుడో తెగిపోయింది.

"రేపు నీళ్ళలకు దించుదామా?" అని అడిగాను, ఏదో ఒకటి అడగాలి కాబట్టి.

"మీ అక్క ఇంట్లకు రానిస్తే" అన్నాడు.

మా వైపు వచ్చి పడవెక్కేవాళ్ళకు ఒక్క మాట. సీటు చూసుకునే ముందు కిటికీని లోపలి నుంచి తోసి చూడండి. కదలకపోతే మొహమాటపడకుండా దిగిపోండి. కారే కిటికీ అయితే కూర్చోండి, బట్టలు తడిస్తే తడవనీ.