మామ్మ ఉప్పుజాడీ చెప్పిన వాన

ఇవాళ గాజువాకలో వాన లేదని ఫోన్ చెప్పింది. కానీ వంటింట్లో ఉప్పు చెమ్మగా తగిలేసరికి మా మామ్మ గుర్తొచ్చింది. మీ ఇంట్లోనూ ఇలాంటి మామ్మ ఉండే ఉంటుంది. మా మామ్మ వేసవిలో రోజూ ఉప్పుజాడీలో చెయ్యి పెట్టి, చెమ్మ తగలగానే "వానొత్తాది, వడియాలు తీసీండర్రా!" అని కేకేసేది. సముద్రపు గాలికి మన ఊళ్లో ఉప్పు పొడిగా ఉండేదెప్పుడు? పిల్లలమంతా కాళ్లు కాలుతున్నా మేడెక్కి, పాత చీర మీద ఆరబెట్టిన గుమ్మడి వడియాలు చీరతో సహా దించేవాళ్లం. చినుకు పడేది కాదు. మామ్మ మాత్రం తగ్గేది కాదు.

"రేపొత్తాది సూడండి" అనేది.

ఏడాదికొక్కసారి నిజంగా కురిస్తే, ఆ రోజు ఆవిడ ముఖం చూడాలి!

ఇవాళ నేనూ ఫోన్ పక్కన పడేసి, మేడ మీది వడియాలు దించేశాను. సాయంత్రం దాకా ఎండ దంచేసింది.

"ఏదండీ వాన?" అంది మా ఆవిడ.

"రేపొత్తాది సూడు" అన్నాను.