రాయి లోపలి రొయ్య

నేను రాళ్లు రుద్దినవాణ్ణి. ప్రెస్సులో పనిచేశానంటే అచ్చు వేసేవాణ్ణనుకుంటారు. కాదు. అచ్చుకు ముందు రాయి కావాలి. ఆ రాయి చదునుగా ఉండాలి, దాని మీద పాత బొమ్మ జాడ మిగలకూడదు. ఆ పని నాది. రంగూనులో చౌక్తడా పేటలో, కోర్టుల వెనక సందులో ఉండేది మా ప్రెస్సు. గేటు పక్క గదిలో ఇప్పుడు ఫోన్లు బాగుచేస్తున్నారు. వెనక గోదాము, పెరడు అలాగే ఉన్నాయి.

రాతి అచ్చు ఇప్పటివాళ్లు చూసి ఉండరు కాబట్టి నాలుగు ముక్కలు చెప్పాలి. సున్నపురాయి పలక, నాలుగు వేళ్ల మందం. కొన్ని పసుపు, కొన్ని బూడిద రంగు. దాని మీద జిడ్డు సిరాతో బొమ్మను తిరగేసి గీస్తారు. రాయిని తడిపి సిరా రోలరు తిప్పితే జిడ్డున్న చోటే సిరా అంటుతుంది, తడి ఉన్న చోట అంటదు. కాగితాలన్నీ తీశాక ఆ బొమ్మతో పని అయిపోతుంది. అప్పుడు రాయి నా బల్ల మీదికి వస్తుంది. ఇసుక జల్లి, నీళ్లు పోసి, ఇంకో రాయి బోర్లించి, సున్నాలు చుట్టినట్టు తిప్పుతూ రుద్దాలి. గంజిలాంటి నీళ్లు కారతాయి. జిడ్డు రాయిలోకి కాస్త దిగి ఉంటుంది, అదంతా పోయేదాకా రుద్దాలి. బద్ధకించి వదిలేస్తే పాత బొమ్మ కొత్త బొమ్మ కింద నుంచి లేస్తుంది. సబ్బు లేబులు మీద చుట్టల లేబులు నెమలి తోక కనిపిస్తుంది. అప్పుడు పోయేది రుద్దినవాడి పరువు.

మా రాళ్లన్నీ జర్మనీ నుంచి ఓడల్లో వచ్చినవి. మా తాతలు రంగూను రేవులో మోసిన బరువుల్లో ఇవీ ఉండే ఉంటాయి. నన్ను ఆ పనిలో పెట్టింది మా అమ్మ అన్నగారు. మా మామ నోరు మంచిది కాదు, చెయ్యి మంచిది. ఆయన రుద్దిన రాయి మీద గాజు పలక పెడితే మధ్యలో పల్చటి కాగితం కూడా దూరేది కాదు.

నాకు ఇరవై ఏళ్లప్పుడు ఒక రాయి రుద్దుతుంటే మూల రొయ్య కనిపించింది. చిటికెన వేలంత ఉంది. కాఫీ రంగు. ఆ నెలంతా మేం నప్పి డబ్బాల లేబుళ్లు వేస్తున్నాం. నప్పి అంటే రొయ్యలు దంచి, ఉప్పేసి ఊరబెట్టిన ముద్ద, అది లేకపోతే బర్మా ఇంట్లో అన్నం దిగదు. ప్రతి లేబులు మీదా రొయ్యే. కాబట్టి రాయి మీదది కూడా పాత లేబులు రొయ్యే అనుకున్నాను. మా ప్రెస్సులో ఎవరైనా అలాగే అనుకుంటారు. రుద్దాను. పోలేదు. మర్నాడు మళ్లీ రుద్దాను.

మామ వచ్చి చూశాడు. "ఏట్రా, ఆ రొయ్య ఇంకా అక్కడే ఉంది. నీకు సేతులు నేవా?"

"రుద్దుతున్నాను మావా."

"రుద్దడం కాదది, నిమరడం. పిల్లిపిల్లనేటి అది?"

పక్క బల్ల వాళ్లు నవ్వారు. "ఒరే, పొయ్యి మీద ఎట్టీ. కూరయితే అదే పోతాది," అన్నాడొకడు.

మూడో రోజుకి దాని కాళ్లు పోయాయి. కాళ్లు పోయిన చోట, ఒంటి లోపలి నుంచి కొత్త గీతలు బయటపడ్డాయి. తోక దగ్గర నిన్న లేని మడతలు కనిపించాయి. నేను చేతులు ఆపేశాను. బొమ్మను రుద్దితే పలచబడాలి తప్ప కొత్త భాగం బయటికి రాకూడదు. సిరాకు లోపల అంటూ ఏమీ ఉండదు. దీనికి ఉంది.

"మావా, ఇది బొమ్మ కాదు. రొయ్యే."

"రాయిలో రొయ్యేట్రా. పొద్దున్నే తాగొచ్చీసావా?"

ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. నేను తలవంచుకుని రుద్దేశాను. సాయంత్రానికి రాయి శుభ్రమైపోయింది. మర్నాడు దాని మీద అగరొత్తుల లేబులు గీశారు. ఈ మాట మామ మీదికి తోసెయ్యను. చేతులు నావి. పనివాడు కాడంటారేమోనని భయపడి, చూస్తూ చూస్తూ దాన్ని నీళ్లలో కలిపేశాను.

మామ పోయాక ఆ బల్ల నాదయింది. రుద్దగా రుద్దగా రాయి పలచబడుతుంది, రెండు వేళ్ల మందానికి వస్తే యంత్రం కింద పగిలిపోతుంది. అలాంటి రాయికి వీపున ఇంకో రాయి ప్లాస్టర్‌తో అతికించి వాడుకుంటాం. ఒకసారి అతకడానికి ఒక చిన్న రాయిని తిరగేసి కడిగితే వీపు మీద రెండో రొయ్య. మొదటిదాని కన్నా పెద్దది. మీసాలు ఒంటి కన్నా పొడుగు, ఒక్కటీ తెగలేదు. కాళ్ల మీద ముళ్లు కూడా లెక్కపెట్టవచ్చు.

ఎవరికీ చూపించలేదు. చూపిస్తే పైవాళ్లలో ఎవరో ఒకరు ఇంటికి పట్టుకుపోతారు. చూపించకుండా వదిలేస్తే, అతుకు పట్టేలా వీపు చెక్కేవాడి ఉలి దెబ్బ తగులుతుంది. అందుకని దాని మీద సబ్బు రాసి, పల్చటి కాగితం పరిచి, చుట్టూ ప్లాస్టర్ వేసి, మీద రెండో రాయి అతికించేశాను. రెండు రాళ్ల మధ్య ఉన్నదాన్ని ఎవరు రుద్దుతారు? అప్పటికి నాకు అక్షరాలు రావు. రాయి మీద తిరగబడి ఉన్న బర్మా అక్షరాల ఆకారాలు తెలుసు, అవి ఏం చెబుతాయో తెలియదు. కాబట్టి గుర్తుకు రాయి పక్కన ఉలితో మూడు గాట్లు పెట్టాను.

ఇంటికి తెచ్చుకుందామని చాలాసార్లు అనుకున్నాను. వాడుకలో ఉన్న రాయి ఎలా తెస్తాను? ఈలోగా యజమాని చనిపోయాడు. ప్రెస్సుకు తాళం పడింది. రాళ్లు గోదాములో ఉండిపోయాయి. ఇంట్లో చెప్తే నా భార్య సరేనంది, నమ్మలేదు. మేముండే మింగళ తౌంగ్‌న్యున్ పేటలో మా వీధి పిల్లలు నన్ను రొయ్య తాత అంటారు. అనుకోనీ.

అరవై దాటాక మా వీధి చివర హాల్లో ఆదివారాల తెలుగు బడికి వెళ్లి చదవడం రాయడం నేర్చుకున్నాను. నది అవతల తన్లిన్ నుంచి ఒక మేస్త్రి తన కూతుర్ని ఆ బడికే తీసుకొస్తాడు. పోయిన వానాకాలం చివర ఒక ఆదివారం అతనే అన్నాడు. "తాతా, మీ ప్రెస్సు పెరట్లో పని దొరికింది. ఆ రాళ్లన్నీ నేల మీద పరిసెత్తన్నాం. బలే నున్నగున్నాయి."

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను.

వెళ్లేసరికి సగం పెరడు అయిపోయింది. నున్నటి వైపు పైకి, వీపు సిమెంటులోకి. పాత యజమాని కూతురు అక్కడ టీ కొట్టు పెడుతుందట. ఆమెకు యాభై ఏళ్లుంటాయి, నన్ను చిన్నప్పటి నుంచి బర్మా భాషలో ఊలే అని, అంటే చిన్నాన్న అని పిలుస్తుంది. పని ఆపమన్నాను. ఎందుకో చెప్పాను. చివరిదాకా మర్యాదగానే వింది.

"ఊలే, ఆ రాయి ఎలా ఉంటుందో మీకు గుర్తుందా?"

"నా చెయ్యి ఎలా ఉంటుందో నాకు గుర్తుండదా?"

ఆమె ఎవరికో ఫోన్ చేసింది. గంటలో టాక్సీలో ఒకావిడ దిగింది, యూనివర్సిటీలో భూగర్భ శాస్త్రం చెప్పే సయామ, అంటే పంతులమ్మ. జర్మనీ సున్నపురాయి అనగానే వచ్చేసిందట. కానీ నమ్మకంతో రాలేదు.

"అచ్చుకు మచ్చలేని పలకలే ఏరి పంపేవారు. వాటిలో జీవాల గుర్తులు ఉండడం చాలా అరుదు," అంది.

"ముఖం చూసి ఏరుంటారు. వీపు ఎవరు చూస్తారు?" అన్నాను.

ముందు గోదాములో మిగిలిన రాళ్ల పక్కలు తడిమాను. మూడు గాట్లు లేవు. అంటే పెరట్లోకి వెళ్లిపోయింది. పరిచిన రాయికి పక్కలు కనబడవు. మేస్త్రి సుత్తి అడిగి తీసుకుని, పిడితో ఒక్కో రాయినీ కొడుతూ, చెవి వంచుకుని నడిచాను. ఒంటి రాయి ఖణేలుమంటుంది. అతికిన రాయి మొద్దుగా పలుకుతుంది.

మేస్త్రి వెనకాలే వస్తున్నాడు. "తాతా, కొబ్బరికాయలు బేరమాడతన్నావేటి?"

"నోరు ముయ్యి. ఇననియ్యి."

మూడు రాళ్లు మొద్దుగా పలికాయి.

"కింద సిమెంటు నిండకపోయినా అలాగే మోగుతాది కదా," అన్నాడు.

"నీ పని ఎంత గొప్పదో నువ్వే సెప్పేసుకుంటన్నావు."

యజమానురాలికి తెలుగు రాదు కానీ అతని ముఖం చూసి నవ్వింది. మూడింటిలో రెండు క్యాలెండర్ల సైజువి. నాది లేబుళ్ల రాయి, చిన్నది. గోడ పక్కదాన్ని చూపించి ఇదే తీయమన్నాను. సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది కాబట్టి గడ్డపారకు లేచింది. పక్కన బురద తుడిచాను. మూడు గాట్లు. మేస్త్రి చూశాడు, నన్ను చూశాడు, ఇంక కొబ్బరికాయల మాట ఎత్తలేదు.

కష్టం అక్కడి నుంచి మొదలైంది. రెండు రాళ్లూ విడిపోవాలి, లోపలిది చెడకూడదు. మేస్త్రి ఉలి తీశాడు. వద్దన్నాను.

"పోనీ టైల్సు కడిగే యాసిడ్డుంది. పోత్తే అతుకు ఊడిపోద్ది."

"పోత్తే రాయే ఊడిపోద్ది. అది సున్నపురాయి."

సయామకు అనువదించి చెబితే, నా వైపు మొదటిసారి సరిగ్గా చూసింది.

నీళ్ల డ్రమ్ములో వేయించాను. మూడు రోజులు నానబెట్టాను. రోజూ వెళ్లి పక్కనే ముక్కాలి పీట వేసుకుని కూర్చున్నాను. నాలుగో రోజు తీయించి, గోనెసంచి మీద పక్కకు నిలబెట్టి, అతుకు చుట్టూ పల్చటి వెదురు చీలికలు దిగగొట్టి, వాటి మీద నీళ్లు పోస్తూ ఉన్నాను. తడికి వెదురు ఉబ్బి, తనే నెట్టుకుంటుంది. నెట్టినకొద్దీ ఇంకో వేలెడు లోపలికి కొట్టాలి, అన్ని వైపులా సమంగా. ఒకవైపు ఎక్కువైతే పలచటి రాయి విరుగుతుంది, దాంతో పాటు అదీ పోతుంది.

సయామ పక్కన గొంతుకూర్చుంది. నా మీద జాలి పడుతోందని తెలుస్తూనే ఉంది. "ఊలే, ఇన్నేళ్లు ప్లాస్టర్ కింద ఉంది. లోపల ఏమీ మిగలకపోవచ్చు. మీరు బాధపడకూడదు."

"సయామ, పెట్టింది నేను. ఎలా పెట్టానో నాకు తెలుసు."

అన్నాను గానీ, తర్వాతి దెబ్బ వేసే ముందు చీలికలన్నీ మళ్లీ తడిమి చూసుకున్నాను. ఒకదాన్ని నా చేత్తో పోగొట్టాను. ఇదీ పోతే ఇక నేను చెప్పేదానికి సాక్ష్యం లేదు, ముఖ్యంగా నాకు.

మధ్యాహ్నానికి ఒక మూల చిట్లింది. గుప్పెడంత ముక్క ఊడి గోనె మీద పడింది. ముక్క తిప్పి చూశాను, ఉత్త ప్లాస్టర్, ఉత్త రాయి. ఇంకో నాలుగు దెబ్బలు వేశాను. అతుకు నిట్టూర్చినట్టు చప్పుడు చేసి వదిలింది. మేస్త్రీ నేనూ పై రాయిని పుస్తకం తెరిచినట్టు వెనక్కి వాల్చాం. లోపల కాగితం మెత్తటి పీచైపోయి ఉంది. తడిగుడ్డతో అద్దుతూ, తుడవకుండా, అద్దుతూ తీశాను.

ఉంది. వంగిన ఒళ్లు, కాళ్లు, కాళ్ల మీద ముళ్లు. మీసాలు రెండూ కొసల దాకా.

సయామ మోకాళ్ల మీద కూర్చుండిపోయి భూతద్దం తీసింది. మీసాల కొసల నుంచి తోక దాకా చూసింది. తర్వాత మెల్లగా చెప్పింది. పదిహేను కోట్ల ఏళ్ల నాటిదట, జురాసిక్ కాలం. ఇప్పుడు జర్మనీ ఉన్నచోట అప్పుడు లోతు తక్కువ సముద్రమట, దీవుల మధ్య నీళ్లు కదలకుండా నిలిచేవట. అడుగున నీరు మరీ ఉప్పగా, ఊపిరాడనిదిగా ఉండడంతో చచ్చి పడినదాన్ని తినడానికి ఏదీ బతికి ఉండేది కాదట. మీద సున్నపు బురద పొరపొరగా, మెత్తగా పడిందట. "అందుకే మీసం కూడా చెదరలేదు," అంది.

అంత మెత్తటి బురద కాబట్టే అంత మంచి రాయి అయింది. రుద్దినవాడికి ఆ సంగతి చేతులకే తెలుసు. నాకు ఏళ్ల లెక్క కొత్త, మెత్తదనం కొత్త కాదు.

"ఏటి తాతా, నిజంగానే రొయ్యే," అన్నాడు మేస్త్రి, ఆ మాట నేనెప్పుడూ చెప్పనట్టు.

యజమానురాలు వంగి చూసి, "ఇది ఎవరిది, ఊలే?" అని అడిగింది.

"రాయి మీది. రొయ్య మీదీ కాదు, నాదీ కాదు. సయామకు ఇవ్వండి. చదువుకునే పిల్లలు చూసే చోట పెడతారు. ఒక్కటే షరతు, దాని ముఖం మీద ఎవరూ ఏమీ రుద్దకూడదు."

ఆమె ఒప్పుకుంది. సయామ రాయిని తన శాలువాలో చుడుతూ, "ఇంకా ఉంటాయంటారా?" అంది.

పెరడంతా చూశాను. ఆ రాళ్ల ముఖాలన్నీ నేను ఎరుగుదును, ఒక్కోదాన్నీ పదిసార్లు రుద్దాను. వీపులు మాత్రం అతికించినవే చూశాను. మిగతావన్నీ ఇప్పుడు సిమెంటులో బోర్లా ఉన్నాయి.

"తెలీదు. తీసి చూడాలి," అన్నాను.

యజమానురాలు మేస్త్రి వైపు చూసింది. మేస్త్రి నా వైపు చూశాడు.

"అన్నీనా తాతా? నాలుగు రోజులు నడుం ఇరిగీలా పరిసేను."

"సిమెంటు పూర్తిగా బిగియకముందే ఎత్తాలి. గోడ దగ్గరి వరస నుంచి మొదలెట్టు. గడ్డపార లోపలికి పొడవకు, పక్క నుంచి తొయ్యి."

అతను గొణుక్కుంటూ గడ్డపార అందుకున్నాడు. నేను డ్రమ్ములో నీళ్లు మార్చమని చెప్పి, ముక్కాలి పీట గోడ వైపుకి జరుపుకున్నాను.